ఆ రాతకు ఒక చెయ్యి ఉంది

చెన్నైలోని గ్రాఫిక్ డిజైనర్లకు, ఆర్ట్ గ్యాలరీల నిర్వాహకులకు, డిజైన్ కాలేజీల్లో పాఠాలు చెప్పే గురువులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

నమస్కారం. మీ పనుల తొందర నాకు తెలుసు. నేరుగా విషయానికి వస్తాను. మా నాన్న గీసిన అక్షరాలను ఒక గ్యాలరీ, ఒక డిజైన్ స్టూడియో ఆయన పేరు లేకుండా వాడుకున్నాయి. దాని గురించే ఈ లేఖ.

నాకు 58 ఏళ్లు. సాలిగ్రామంలో ఉంటాను. ముప్పై ఏళ్లు తెలుగు డీటీపీ చేశాను, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి పేజీలు తయారుచేసే పని, పేజ్‌మేకర్, అనూ ఫాంట్ల రోజుల నుంచి యూనికోడ్ దాకా. శుభలేఖలు, భజన పుస్తకాలు, పీహెచ్‌డీ గ్రంథాలు, ఏది వస్తే అది. మా నాన్న అక్షరాలు రాసేవారు. అంటే రచయిత అనుకునేరు. సినిమా టైటిళ్లు, వారపత్రికల్లో కథల శీర్షికలు, నగల కొట్ల బోర్డులు, వీటికి అక్షరాలు గీసేవారు. 1962లో నెల్లూరు జిల్లా నుంచి రెండు బ్రష్షులతో మద్రాసులో దిగారు. సినిమా పరిశ్రమ హైదరాబాదుకు తరలిపోయినా ఆయన కదల్లేదు. 2009లో ఈ ఇంట్లోనే పోయారు.

ఆయన పేరు ఈ లేఖలో రాయడం లేదు. ఆ పేరు ముందుగా కనపడాల్సిన చోటు వేరే ఉంది. ఈ గొడవంతా ఆ చోటు గురించే. గ్యాలరీ పేరూ, స్టూడియో పేరూ రాయడం లేదు. వాళ్లెవరో వాళ్లకు తెలుసు. మిగతావారు కూడా తమను తాము ఒకసారి తడిమి చూసుకుంటే నాకు అంతకంటే కావలసింది లేదు.

జరిగింది ఇదీ. మూడేళ్ల క్రితం వాళ్ల తరఫున ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చారు. మంచి పిల్లలు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. పాత మద్రాసు వీధుల అక్షరాల మీద ఒక ప్రదర్శన పెడుతున్నామన్నారు. నాన్న ట్రంకుపెట్టె తెరిచి చూపించాను. నేల మీద చాప పరచుకుని సాయంత్రం దాకా ఒక్కొక్క షీటూ చూశారు. ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. 34 షీట్లు ఏరుకున్నారు. ఆరు నెలల్లో తిరిగి ఇస్తామని రసీదు రాసిచ్చారు. ఆ రసీదు నా దగ్గర భద్రంగా ఉంది.

ప్రదర్శన మొదటి రోజు నేను కాటన్ చీర గంజి పెట్టి కట్టుకుని వెళ్లాను. గోడల మీద నాన్న అక్షరాలు. దీపాల వెలుగులో అవి అంత పెద్దగా ఉంటాయని నాకే తెలియదు. దగ్గరకు వెళ్లి కింద చీటీ చదివాను. "పేరు తెలియని చిత్రకారుడు, మద్రాసు, 1970లు." పక్కదీ అదే. ఆ పక్కదీ అదే. 34 షీట్లకూ అదే చీటీ. మా ఇంటి చాప మీద కూర్చుని, మా ఇంటి కాఫీ తాగి, ఆయన ఫోటోకు దండం పెట్టి వెళ్లిన వాళ్లకు ఆయన పేరు తెలియకుండా పోయింది.

అడిగితే పొరపాటన్నారు. సరిచేస్తామన్నారు. ప్రదర్శన అయిపోయింది, చీటీలు మారలేదు. తరువాత ఏడాదికి అవే అక్షరాలు టీషర్టుల మీద, నోటుబుక్కుల అట్టల మీద, టీ కప్పుల కింద పెట్టుకునే బిళ్లల మీద కనిపించాయి. వాటి వెనక చిన్న అక్షరాల్లో "పాత మద్రాసు వీధుల ప్రేరణతో" అని ఉంది. మూడు ఉత్తరాలు రాశాను. ఒకటి రిజిస్టర్డ్ పోస్టులో. మొదటిదానికి "మీ భావాలను గౌరవిస్తున్నాం" అని రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. మిగతా రెండింటికీ అదీ లేదు. అందుకే ఇలా అందరి ముందూ రాయాల్సి వచ్చింది.

ఆ "ప్రేరణ" అన్న మాట దగ్గర కాసేపు ఆగాలి.

నాన్న ప్రేరణకు వ్యతిరేకి కాదు. ఆయన బతుకే దాని మీద నడిచింది. నిర్మాత మనిషి వచ్చి సినిమా పేరు చెప్పగానే ఆయన మొదట అడిగేది కథ. జానపదమైతే తలకట్టు చివర కత్తిమొనలా తేలేది. కుటుంబ కథైతే అక్షరాలు బొద్దుగా, పక్కపక్కన ఆనుకుని కూర్చునేవి, అన్నం తిన్న పిల్లల్లా. నేర పరిశోధన అయితే ఒరిగిన అక్షరం, మధ్యలో పగులు. ఆ తరువాత పెన్సిల్ పట్టకుండానే పేరులో ఒత్తులు లెక్కపెట్టేవారు. "పైన ఏముందో అందరూ చూస్తారు. కింద ఏం వేలాడుతోందో ముందు చూడాలి" అనేవారు. తెలుగు అక్షరం ఇంగ్లీషు అక్షరంలా ఒక వరసలో నిలబడదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరంలోనే పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, పక్కన చుట్టుకునే క్రావడి. ఆ మూడింటికీ చోటు చూసుకున్నాకే మిగతా పేరు. నల్ల అట్ట మీద తెల్ల పోస్టర్ కలర్‌తో టైటిల్ కార్డు రాస్తున్నప్పుడు ఇంట్లో ఎవరం ఫ్యాను వేసేవాళ్లం కాదు. మే నెల మద్రాసులో కూడా.

ఆయన ఎక్కడెక్కడి నుంచి తీసుకునేవారో చెబితే మీకు నవ్వొస్తుంది. వావిళ్ల వారి పాత పుస్తకాల అచ్చు, మైలాపూరు మాడవీధుల్లో పొద్దున్నే వేసే ముగ్గు, సిగరెట్ డబ్బా, జెమినీ సర్కిల్ దగ్గర కట్టిన హిందీ సినిమా హోర్డింగు. బాపు గారి రాతను అయితే అద్దం కింద పెట్టి చూసేవారు. బాపు రాత తరువాత ఫాంటుగా వచ్చింది, ఆ ఫాంటుకు ఆయన పేరే ఉంది. దాన్ని వాడుకుంటున్న ఎవరికైనా అది బాపు రాత అని తెలుసు. తీసుకోవడం ఎలాగో, చెప్పడం ఎలాగో మనవాళ్లకు తెలియనిది కాదు.

ఇక అసలు సంగతి. నాన్న ప్రతి షీటు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టుకునేవారు, ఆ అక్షరానికి మూలం ఎక్కడ చూశారో. నాకు గుర్తున్నవి కొన్ని:

"శ: వావిళ్ల అచ్చు. తలకట్టు తీసేశాను."

"మెలిక: మాడవీధి ముగ్గు, శుక్రవారం. ఎవరిల్లో తెలియదు. నీలం తలుపు."

"తోక: పక్క బల్ల అణ్ణన్ తమిళంలో వేసే ళకారం. అడిగి తీసుకున్నాను."

అడిగి తీసుకున్నాను. పక్క బల్ల మీద కూర్చుని తమిళ టైటిళ్లు రాసే మనిషి దగ్గర ఒక్క వంపు తీసుకుని, అడిగాననే సంగతి ఎవరూ చూడని కాగితం వెనక రాసుకున్న మనిషి ఆయన. ముగ్గు వేసినావిడ పేరు తెలియకపోతే కనీసం తలుపు రంగు రాసుకున్నారు.

ప్రదర్శనలో ఆ 34 షీట్లనూ మందపాటి అట్టలకు జిగురు పెట్టి అంటించేశారు. ఆ రాతలన్నీ జిగురు కింద ఉన్నాయి. పేరు పోవడం ఒక దెబ్బ. ఆయన ఎవరెవరికి బాకీ ఉన్నారో రాసుకున్న లెక్క పోవడం నాకు అంతకంటే పెద్ద దెబ్బ. గ్యాలరీ వాళ్లు కావాలని చేశారని నేను అనుకోవడం లేదు. వెనక్కి తిప్పి చూడలేదంతే. నిజం చెప్పాలంటే నాకు కోపం వచ్చేది కూడా అందుకే.

కొత్త కళ మీద నాకు పగ ఉందని ఎవరైనా అనుకుంటారేమో. లేదు. 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ గారు, ఆయన శిష్యులు, స్నేహితులు సముద్రం ఒడ్డున ఇంజంబాక్కంలో చోళమండలం అనే కళాకారుల ఊరు కట్టుకున్నారు. బాతిక్ గుడ్డలు, చేతిపనులు అమ్ముకుని ఆ డబ్బుతో చిత్రాలు వేసుకున్నారు. నాన్న నన్ను చిన్నప్పుడు ఒక ఆదివారం బస్సులో అక్కడికి తీసుకువెళ్లారు. పణిక్కర్ గారు అరవైల నుంచి వేసిన చిత్రాల్లో అక్షరాల్లాంటివి వరసలు వరసలుగా ఉంటాయి. చదవబోతే చదవనివ్వవు. జాతకచక్రంలా, గుడి గోడ మీద చెరిగిన శాసనంలా ఉంటాయి. నాన్న అలాంటి ఒక చిత్రం ముందు చాలాసేపు నిలబడి, "నేను ముప్పై అడుగుల దూరం నుంచి చదవగలిగేలా రాస్తాను. ఈయన ముక్కు ఆనించి చూసినా చదవలేనట్టు రాశాడు. ఇద్దరి పనీ ఒకటే" అన్నారు. అప్పుడు నాకు అర్థం కాలేదు. ఇప్పుడు సగం అర్థమైంది. ఆ చిత్రాల కింద ఎవరి పేరుందో అందరికీ తెలుసు. మెరీనా ఒడ్డున 1959 నుంచి నిలబడిన శ్రామికుల విగ్రహం ఎవరు చేశారంటే దేవీప్రసాద్ రాయ్ చౌధురి అని స్కూలు పిల్లలు కూడా చెబుతారు. 2020లో కణ్ణగి నగర్ ఇళ్ల గోడల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేసినప్పుడు వేసినవాళ్ల పేర్లు పత్రికల్లో వచ్చాయి. చూసి సంతోషించాను. కాన్వాసు మీద వేస్తే పేరు, కంచు పోస్తే పేరు, గోడ మీద వేస్తే పేరు. కూలికి అక్షరం రాస్తే మాత్రం "పాత మద్రాసు".

1850లో మొదలైన ఎగ్మూరు ఆర్ట్స్ స్కూల్లో నాన్న చదవలేదు. ఆ గేటు ముందు నుంచి సైకిల్ మీద బోర్డులు మోసుకెళ్లారు. తేడా అక్కడుందేమో, నాకు తెలియదు. మీరు చెప్పాలి.

చట్టం గురించి నాలుగు మాటలు. నేను లాయర్ని కాను గానీ నా తమ్ముడి కొడుకు లా చదివాడు, వాడి చేత కూర్చోబెట్టి చెప్పించుకున్నాను. డబ్బు తీసుకుని రాసిచ్చిన టైటిల్ మీద వ్యాపార హక్కు నిర్మాతదేనని ఎవరైనా వాదించవచ్చు, వాదించనివ్వండి. కానీ 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం ఆ హక్కు వేరొకరికి రాసిచ్చేసినా "ఇది నేను చేసింది" అని చెప్పుకునే హక్కు చేసినవాడి దగ్గరే ఉంటుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడ మీది కంచు శిల్పాన్ని 1979లో పీకేసి గోదాములో పడేస్తే, శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కోర్టుకు వెళ్లారు. సర్కారు డబ్బిచ్చి కొనుక్కున్న శిల్పమది. అయినా 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకు తిరిగి ఇవ్వమంది, 5 లక్షల పరిహారం కట్టమంది. మా దగ్గర ఉన్న పత్రికల శీర్షికలు, ఎవరికీ అమ్మని సొంత అభ్యాసాల సంగతైతే ఇంకా తేలిక. చేసినవారు పోయాక 60 ఏళ్లు, అంటే 2069 దాకా వాటి హక్కులు వారసులవి. ఇక ఆ కాగితాలు అంటారా, అవి అప్పు తీసుకున్నవి. దానికి చట్టం అక్కర్లేదు, రసీదు చాలు.

కోర్టుకు వెళ్లాలని లేదు. నా మోకాళ్లు హైకోర్టు మెట్లు ఎక్కేలా లేవు.

ఇది మా ఇంటి నష్టం ఒక్కటే అయితే మళ్లీ ఇంకో రిజిస్టర్డ్ ఉత్తరం రాసి ఊరుకునేదాన్ని. దీనివల్ల మామూలు మనుషులకు ఏమవుతోందో కొన్ని చెబుతాను.

1. నాన్నతో పాటు పనిచేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభైకి దగ్గర పడ్డారు. చెయ్యి వణుకుతుంది. వృద్ధ కళాకారులకు ప్రభుత్వం ఇచ్చే నెలసరి సాయానికి దరఖాస్తు పెడదామని ఆయన కూతురు నా దగ్గరకు వచ్చింది. మీ నాన్నగారు కళాకారుడని రుజువు ఏమిటి అని అడిగారట. పోస్టర్ మీద హీరో పేరుంటుంది, నిర్మాత పేరుంటుంది, అడుగున అచ్చువేసిన శివకాశి ప్రెస్సు పేరు కూడా ఉంటుంది. అక్షరం రాసినవాడి పేరుండదు. ఆయన రాసిన ఒక టైటిల్ ఈ మధ్య ఒక ఖరీదైన డిజైన్ పుస్తకంలో అచ్చయింది. నిండు పేజీ. ఆ అమ్మాయి ఆశగా అది తెచ్చి చూపించింది. కింద "అజ్ఞాత కళాకారుడు" అని ఉంది. ఆయన బతికే ఉన్నారు. ఆయన ఇంటి నుంచి ఆ పుస్తకం అమ్మే కొట్టుకు ఆటోలో నలభై నిమిషాలు. ఆ పేజీ ఆయనకు సాక్ష్యం అయ్యేది. ఆ ఒక్క మాటతో ఆయనకు వ్యతిరేక సాక్ష్యం అయింది.

2. పేరు లేని కాగితానికి ఇంట్లో విలువ ఉండదు. వడపళనిలో, కోడంబాక్కంలో ఇలాంటి ట్రంకుపెట్టెలు ఎన్నో ఉండేవి. తాతల కాగితాలు గది ఖాళీ చేసేటప్పుడు కిలోల లెక్కన పాత పేపర్ల కొట్టుకు పోయాయి. గ్యాలరీ గోడ మీద తాత పేరు చూసిన మనవడైతే ఆ పెట్టెను అమ్మడు.

3. ఇది కొంచెం పెద్దది, ఓపిక పట్టండి. పోయిన ఏడాది మా పెద్దమ్మ కొడుకును నెల్లూరు నుంచి ఇక్కడి ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకొచ్చారు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు నుంచి రోజూ ఎంతమంది వైద్యానికి చెన్నై వస్తారో మీకు తెలుసు, సెంట్రల్లో పొద్దున్న రైలు దిగే జనాన్ని చూస్తే చాలు. ఆ ఆసుపత్రిలో తెలుగు బోర్డులు ఉన్నాయి. సంతోషమే. కానీ "రక్త పరీక్ష" అన్న చోట కకారం నెత్తిన పొల్లు, దాని పక్కన తకారం విడిగా. "పరీక్ష"లో షవత్తు ఊడిపోయి కకారం ఒకచోట, షకారం ఒకచోట. ఇంకో బోర్డులో పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద ఎక్కి కూర్చున్నాయి. మా వదిన ఆ బోర్డు కింద నిలబడి ఆ గది ఎక్కడని నన్ను ఫోనులో అడిగింది. ఆమె చదువుకున్నదే. బోర్డే చదువుకోలేదు.

ఎందుకిలా అవుతుందో డీటీపీ చేసినవాళ్లకు తెలుసు. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో భారతీయ భాషలకు వేరే కంపోజర్, అంటే అక్షరాలను పేర్చే అమరిక, ఎంచుకోవాలి, అడోబీలో దాన్ని వరల్డ్-రెడీ అంటారు. ఎంచుకోకుండా యూనికోడ్ తెలుగు అతికిస్తే ఒత్తులు విడిపోతాయి. ఒక్క మీట నొక్కితే సరిపోయే పని. నొక్కాలని తెలియాలంటే ఒత్తు ఊడిందని కంటికి తెలియాలి. ఆ కన్ను ఎవరు నేర్పిస్తారు? వరసల మధ్య ఎంత ఎడం వదలాలో నాన్నలాంటి వాళ్లకు వేళ్లలో ఉండేది. ఇంగ్లీషు వరసకు సరిపోయిన ఎడం తెలుగుకు సరిపోదు. బోర్డు చేసిన డిజైనరుకు తెలుగు రాకపోవడం తప్పు కాదు. తెలుగు చదవగలిగిన ఒక్క మనిషికి ముందు చూపించకపోవడం తప్పు. (యంత్రాలకు కూడా మన అక్షరం అంటే భయమే. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అని మెసేజీ వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయేవి, యాపిల్ కొద్ది రోజుల్లో సరిచేసింది. నాన్న ఉండి ఉంటే నవ్వేవారు. ఆయనా "జ్ఞ" రాయాల్సి వస్తే ముందు ఒక టీ తాగి వచ్చేవారు.)

4. ఈ నగరంలో డిజైన్ చదువుతున్న తెలుగు పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తారు. మంచి బుర్రలు. గూగుల్లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు, గురజాడ అని కవుల, పండితుల పేర్లతో ఉచితంగా ఫాంట్లు దొరుకుతాయి, అవి వాడతారు. అక్షరం ఎలా పుడుతుందని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. క్లాసులో జర్మనీ, స్విట్జర్లాండ్ అక్షరాల చరిత్ర చెప్పారట. తెలుగు ముద్రణ చరిత్రలో సగం వాళ్లు రోజూ బస్సులో తిరిగే వీధుల్లోనే జరిగింది. 1854లో వావిళ్ల వారు ప్రెస్సు పెట్టింది ఈ ఊళ్లో. 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా వచ్చింది ఈ ఊళ్లో. 1947 జూలైలో చందమామ తెలుగులో, తమిళంలో పుట్టింది ఈ ఊళ్లో. ఇది ఎవరో ఒకరు వాళ్లకు చెప్పాలి కదా.

ఇప్పుడు నేను అడుగుతున్నవి. మొదటి మూడూ ఆ గ్యాలరీకి, ఆ స్టూడియోకి. తక్కినవి అందరికీ.

1. ఆ 34 షీట్ల ఫోటోలు మీరు ఎక్కడెక్కడ వాడారో, అచ్చులో గానీ తెర మీద గానీ, అన్నిచోట్లా "పేరు తెలియని" అన్న మాట తీసేసి నాన్న పేరు రాయండి. పేరు స్పెల్లింగు రసీదులోనే ఉంది, మీవాళ్లు రాసిందే.

2. షీట్లు తిరిగి ఇవ్వండి. అట్టల నుంచి లాగి పీకకండి, దయచేసి. కాగితాల సంరక్షణ నేర్చుకున్నవాళ్ల చేత, నెమ్మదిగా, వెనక పెన్సిల్ రాత చెరగకుండా విడదీయించండి. ఖర్చు మీది. కొన్ని విడివడకపోవచ్చని తెలుసు. విడివడనివి ఏవో ముందే చెప్పండి, ఆ వెనక ఏం రాశారో గుర్తున్నంతవరకు నేను వేరే కాగితం మీద రాసి పెట్టుకుంటాను.

3. ఆ టీషర్టులు, నోటుబుక్కులు ఎన్ని అమ్మారో లెక్క చూపించండి. మా వాటా ఎంతో కూర్చుని మాట్లాడుకుందాం. నేను పెద్దగా అడగను. కానీ లెక్క అడుగుతాను. మాట్లాడుకునేదాకా కొత్తవి అచ్చు వేయకండి, ఆ షీట్ల స్కాన్లు బొమ్మలు గీసే ఏఐ యంత్రాలకు మేపకండి.

4. గ్యాలరీలు, పుస్తకాలు వేసేవాళ్లు "అజ్ఞాత" అని రాసే ముందు ఎవరెవరిని అడిగారో రాసి పెట్టుకోండి. ఆ కాగితం ఎక్కడ దొరికిందో ఆ ఇంటివాళ్లను, ఆ ప్రెస్సులో పాతవాళ్లను, పోస్టర్ డిజైనర్ల కుటుంబాలను. ఈశ్వర్ గారి లాంటి పబ్లిసిటీ డిజైనర్లు ఈ ఊళ్లోనే ఉండి వందల సినిమాలకు పనిచేశారు, ఆయన 2021లో పోయారు. ఆ తరంలో గుర్తున్నవాళ్లు రోజురోజుకీ తగ్గిపోతున్నారు. ఇంకో అయిదేళ్లకు అడగడానికి ఎవరూ ఉండరు, అప్పుడు "అజ్ఞాత" అన్న మాట నిజమైపోతుంది. అడిగినా తెలియకపోతే తెలిసినంత రాయండి. నీలం తలుపు అని రాయండి.

5. డిజైన్ కాలేజీలు ఏడాదికి రెండు వారాలు తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం అక్షరాలు చేత్తో రాయించండి. బతికున్న బోర్డు రాతగాళ్లను పిలవండి. ఫ్లెక్సులు వచ్చాక వాళ్లలో చాలామంది సెక్యూరిటీ గార్డులుగా, ఆటో డ్రైవర్లుగా బతుకుతున్నారు. పిలిచినప్పుడు శాలువా కప్పి ఫోటో తీసుకోవడం కాదు, మీరు బయటి నుంచి వచ్చే ప్రొఫెసర్‌కు గంటకు ఎంత ఇస్తారో అంతే ఇవ్వండి.

6. ఆసుపత్రులకు, స్టేషన్లకు తెలుగు బోర్డులు చేసే సంస్థలు అచ్చుకు ముందు ఒక తెలుగు మనిషి చేత చదివించండి. ఎవరూ దొరక్కపోతే నేను చదివిపెడతాను, డబ్బు అక్కర్లేదు.

ఈ లేఖ అచ్చయిన నాటి నుంచి నెల రోజులు చూస్తాను. జవాబు రాకపోతే రసీదు కాపీతో లేఖను మళ్లీ వేస్తాను, ఈసారి పేర్లతో.

ఆ రోజు కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయికి విడిగా ఒక మాట. నువ్వు తీసుకోకుండా వదిలేసిన షీటు ఒకటి ఉంది, గుర్తుందా, టీ మరక పడిందని పక్కన పెట్టావు. "కళ" అని రెండే అక్షరాలు. మొన్న దాన్ని తిప్పి చూశాను. వెనక ఉన్న రాత నా గురించే. "ళ: పాప పలక మీద తప్పుగా రాసింది. బాగుంది. అలాగే ఉంచాను" అని 1971 తేదీతో. నాకప్పుడు నాలుగేళ్లు. ఎప్పుడైనా వచ్చి చూసుకో. ఫోటో తీసుకోవచ్చు, కింద ఏం రాయాలో నీకు తెలుసు.

షీట్లు తీసుకోవడానికి నేనే వస్తాను. మంగళవారాలు తప్ప ఏ రోజైనా సరే. అట్టపెట్టె, మధ్యలో వేసుకునే బటర్ పేపర్లు నేనే తెచ్చుకుంటాను.

ఇట్లు,
ఒక అక్షరాల ఆర్టిస్టు కూతురు
సాలిగ్రామం, చెన్నై